దేవుని పక్క జాగ

యాత్రల సేటు ఇప్పుడు ఉన్నాడో పోయాడో నాకు తెలియదు. పోయి ఉంటే ఎక్కడికి పోయి ఉంటాడన్న విషయంలో మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. ఇన్నేళ్లయినా ఆ మనిషి ముఖం గుర్తొస్తే పళ్లు పటపటమంటాయి. మా ఇంట్లో పిల్లలు "పోనియ్యే అమ్మా, ఎప్పటి ముచ్చటో" అంటారు. ఎప్పటిదైతే ఏం? వాళ్లకేం తెలుసు? ముద్ద నోటి దాకా తెచ్చుకొని మళ్లీ పళ్లెంలో పెట్టేసిన ముసలి ప్రాణాన్ని చూసింది నేను. వాళ్లు కాదు.

అరవైల మొదటి రోజులవి. మా ఆయనకు వరంగల్ మట్టెవాడలో కిరాణా దుకాణం. పెద్దమ్మ మాతోనే ఉండేది. పెద్దమ్మంటే మా అమ్మకు సొంత అక్క. కాపురానికి వెళ్లిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. మా అమ్మ నన్ను కని కన్ను మూస్తే నన్ను చేతుల్లోకి తీసుకుంది. నాకు అమ్మ అయినా నాన్న అయినా ఆమే. నాకు అత్తమామలు లేకపోవడంతో పెళ్లయ్యాక నా వెంటే వచ్చేసింది. ఒంటిపూట భోజనం, మడి చీర, పొయ్యి దగ్గర పని, ఆమె బతుకంతా అంతే. నోరు తెరిచి ఇది కావాలని అడగడం నేను ఎరగను. ఒక్క కాశీ తప్ప. మోకాళ్లు వాచి గడప దాటడమే కష్టమైన రోజుల్లో ఒక పొద్దున బియ్యం చెరుగుతూ, "పిల్లా, కాళ్లు పూరాగ పడిపోకముందే ఒక్కసారి కాశీ చూసొస్త" అంది.

హన్మకొండ చౌరస్తా దగ్గర యాత్రల సేటు దుకాణం ఉండేది. అందులో అమ్మడానికి సరుకేమీ ఉండేది కాదు. ఒక గద్దె, దాని మీద తెల్లదుప్పటి, గోడకు కాశీ విశ్వనాథుని పటం, ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఊదుబత్తులు. ఆయన ఏటా రైలువాళ్ల దగ్గర ఒక మూడో తరగతి బోగీని మొత్తంగా కిరాయికి తీసుకొని, వరంగల్, హన్మకొండ, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను అందులో కాశీకి తీసుకుపోయేవాడు. ఆ బోగీని పోయే రైలుకు తగిలిస్తారు. దిగాల్సిన ఊళ్లో విడదీసి, స్టేషన్‌కు దూరంగా పక్క పట్టాల మీద నిలబెడతారు. మళ్లీ బయల్దేరే దాకా అదే ఇల్లు. వంటవాళ్లు పట్టాల పక్కన పొయ్యిలు పెట్టి వండుతారు, బోగీలోకి తెచ్చి వడ్డిస్తారు.

జాగ ఎంచుకోవడం ఆయన దుకాణంలో పెద్ద సంబరం. సుద్దముక్కతో నేల మీద పొడుగ్గా బోగీ బొమ్మ గీసి, గళ్లు కొట్టి, "రాండ్రి, కూసోని చూస్కోండ్రి, నచ్చిన జాగ మీదే" అనేవాడు. పెద్ద పెద్ద సావుకార్లు కూడా పంచె ఎగ్గట్టుకొని ఆ గళ్లలో కూర్చొని చూసేవాళ్లు. కిటికీ జాగకు ఒక రేటు, నడిమి జాగకు ఒక రేటు, తలుపు దగ్గరి జాగకు ఒక రేటు. పెద్దమ్మ నా భుజం పట్టుకొని వంగి, ఒక కిటికీ గడిలో కూర్చొని చిన్నపిల్లలా నవ్వింది. అప్పుడు సేటు గద్దె దిగి వచ్చి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు.

"పెద్దవ్వా, గా కిటికీలు గిటికీలు పోరగాండ్లకు. నీ అసొంటి పుణ్యాత్మురాలికి నేను ఇంకో జాగ పెట్టిన. బోగీ కొసకు సామి పటం పెడతం. పటానికి ఆనుకోని ఒక్కటంటె ఒక్కటే జాగ. కండ్లు తెరిస్తె సామి, కండ్లు మూస్తె సామి. గది అందరికియ్య. రేటు జర ఎక్కువైతది గని, గసొంటి జాగ రాసిపెట్టి ఉండాలె."

ఆ మాట అంటూ బొమ్మలో చివరి గడి పక్కన సుద్దతో ఓంకారం రాశాడు. పెద్దమ్మ రెండు చేతులూ జోడించింది. ఇంకేముంది! పెట్టె అడుగున దాచుకున్న బంగారు గుండ్ల పేరు అమ్మింది. మా ఆయన ఇస్తానంటే, "నా కాశీకి నేనే పెట్టుకుంట బిడ్డా" అని ఆయన చేతిని మెల్లగా నెట్టేసింది. నాకు మాత్రం నడిమి జాగ మా ఆయనే కొన్నాడు.

ఆ సుద్దబొమ్మలో తలుపులున్నాయి, కిటికీలున్నాయి, నీళ్ల కుండ పెట్టే చోటు కూడా ఉంది. పాయిఖానా లేదు. అది ఎక్కడుందని మాలో ఒక్కరు కూడా అడగలేదు. ఎట్లా అడుగుతాం? విశ్వనాథుని పటం ముందు నిలబడి, కాశీ మాట నోట్లో ఉండగా, పాయిఖానా ఏ మూలనని అడిగే నోరు మా వైపు ఎవరికుంది? ఆ సంగతి ఆ దొంగకు బాగా తెలుసు. మా భక్తినే పెట్టుబడిగా పెట్టుకొని వ్యాపారం చేశాడు.

వరంగల్ స్టేషన్‌లో బోగీ ఎక్కి ఆ కొసకు వెళ్లేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. చెక్క గోడకు పటం ఉంది. బంతిపూల దండ ఉంది. ఆ గోడకు అవతల పాయిఖానా. పటం పక్కనే దాని తలుపు. బోగీలో ఉన్న జనమంతా చెంబు పట్టుకొని పెద్దమ్మ మోకాళ్లకు తగులుతూ పోవాల్సిందే. అందరికంటే ఎక్కువ పెట్టి అందరికంటే పాడు జాగ కొనుక్కున్నాం. బండి కదలకముందే వాసన మొదలైంది.

నేను ఉరుకులు పరుగుల మీద సేటు దగ్గరికి పోయాను. ఆయనది బోగీ నట్టనడుమ. రెండు కిటికీల మధ్య పరుపు, వెనక దిండు, అడ్డంగా తెర. లెక్కలు రాసుకోవడానికి కావాలట.

"అన్నా, ఇదేం జాగ? మా పెద్దమ్మను పాయిఖానా పక్కన కూసోవెడ్తవా?" అన్నాను.

ఆయన చెవులు మూసుకున్నాడు. "శివ శివ! సామి పక్కన కూసోవెట్టిన చెల్లె. నువ్వు సామిని సూడక తలుపును సూత్తానవ్."

"పటం ఇటు తీసి పెట్టు. ఈడ కూడ గోడ ఉన్నది గద."

"పూజ చేసి పెట్టిన పటం కదిలిస్తె యాత్రకే కీడు. ఇంతమంది మంచి చెడ్డ నా మీదున్నది. కాశీ తొవ్వల గీ ముచ్చట్లేంది చెల్లె?"

కాశీ దారిలో ఈ మాటలేంటన్న ఆ చివరి మాటే ఆయన చేతిలో కర్ర. వేడినీళ్లకు వేరే పైసలేందని ఎవరైనా అడిగితే అదే మాట. మూట మోసినందుకు ఒక చార్జి, హారతికి ఒక చార్జి, దుప్పటికి ఒక చార్జి. అన్నీ ముందే కట్టించుకున్నావు కదా అని నోరు విప్పితే చాలు, బోగీ అంతా వినపడేట్టు "కాశీ తొవ్వల గీ ముచ్చట్లేంది" అనేవాడు. అంతే, అడిగినవాళ్లు సిగ్గుపడి కొంగు ముడి విప్పేవాళ్లు. దుకాణంలో అర్ధణా దగ్గర గంటసేపు బేరమాడే సావుకార్లు అక్కడ కిక్కురుమనకుండా ఇచ్చేవాళ్లు. నాకు వాళ్లను చూసినా కోపమే వచ్చేది.

పెద్దమ్మ దగ్గరికి వచ్చి, "నా జాగల కూసో, నేనిక్కడ ఉంట" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"దేవుని పక్కన జాగ దొరికినంక, వాసనొత్తాందని లేసిపోతరా పిల్లా? ఆయిన ఏమనుకుంటడు?"

"ఏ ఆయిన? సేటా?"

"సేటు ఎవడే! విశ్వనాథుడు."

అదీ మా పెద్దమ్మ. లేవదు. లేవదు సరే, ఆ చోట కూర్చొని అన్నం తినదు. మడి మనిషి. పాయిఖానా గోడకు వీపు ఆనించి ముద్ద ఎట్లా దిగుతుంది? మొదటి పూట పళ్లెం పెట్టుకొని, ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చింది. అదే సమయానికి ఎవరో తలుపు తీశారు. ముద్ద పళ్లెంలో పెట్టి, చెయ్యి కడుక్కొని, "నాకు ఆకలైతలేదు బిడ్డా" అంది. ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, అరటిపళ్లు, వాటితోనే నెట్టుకొచ్చింది. బండి నిలబెట్టినప్పుడు కింద కూర్చోబెట్టి పెడదామంటే, పక్క పట్టాల మీద ప్లాట్‌ఫారం ఉండదు. మెట్లు మనిషెత్తు. ఆమె మోకాళ్లకు అయ్యే పని కాదు. దానికీ సేటు దగ్గర మందుంది. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషులు దించుతారు, ఎక్కిస్తారు. దించినందుకు ఒక చార్జి, ఎక్కించినందుకు ఒక చార్జి. క్షేత్రాలకు తప్పదు కాబట్టి అక్కడ ఇచ్చాం. తిండి కోసం మాత్రం పెద్దమ్మ ససేమిరా అంది. "బువ్వ తినుటానికి పైసలిచ్చి దిగాల్నా? నేనేమన్న రాణినా?"

నిలబెట్టిన బోగీలో ఆ వాసన రోజురోజుకూ పెరిగేది. నేను నా కొంగు తడిపి ఆ తలుపు సందులో కుక్కేదాన్ని. ఎవరో ఒకరు లాగి పడేసేవాళ్లు. సగం తిన్న నా పళ్లెం పక్కన పెట్టేసి, ఆమె అరటిపండు ఒలుచుకుంటుంటే చూస్తూ కూర్చునేదాన్ని. అప్పుడు తెర వెనక నుంచి సేటు తేన్పు వినపడేది. ఆ తేన్పు విన్నప్పుడల్లా నా పగ ఇంకొంచెం ఉడికేది. వీణ్ణి ఊరికే వదిలితే నేను మట్టెవాడ కోడలినే కాదనుకున్నాను.

ప్రయాగలో సంగమం దగ్గర పడవ ఎక్కేటప్పుడు పెద్దమ్మ కళ్లు తిరిగి నా మీద ఒరిగిపోయింది. ఒళ్లు తేలిక. పండగకు పిండి రుబ్బి రుబ్బి గట్టిపడ్డ ఆ చేతులు మెత్తబడిపోయాయి. కేసముద్రం నుంచి వచ్చిన ధాన్యం సావుకారి, ఆయన భార్య, పక్కనే ఉన్నారు. ఆ అక్క పెద్దమ్మ ముఖం మీద నీళ్లు చల్లింది. సావుకారి సేటును చూసి, "ముసలామెకు జర మంచి జాగ సూడరాదే" అన్నాడు.

"దేవుని పక్కన కంటె మంచి జాగ ఏడున్నది సావుకారీ?" అన్నాడు సేటు. సావుకారి గుటక మింగాడు. నేను నది వైపు తిరిగి నిలబడ్డాను. తిరగకపోతే ఆ మనిషిని నీళ్లలోకి తోసేసేదాన్నేమో. నిజంగానే అంటున్నాను.

కాశీలో సత్రంలో దిగాం. అక్కడ పెద్దమ్మ కడుపునిండా తిన్నది, గంగలో మునిగింది, విశ్వనాథుణ్ణి తాకింది. ఆ నాలుగు రోజులు ఆమె ముఖంలో వెలుగు చూసి నా కోపం కూడా కాస్త పక్కకు జరిగింది. కాశీకి పోయిన వాళ్లు తమకు ఇష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి కదా. పెద్దమ్మ తనకు ప్రాణమైన మామిడిపండు వదిలేసింది. నా వైపు తిరిగి, "నువ్వు నీ కోపం ఇడిసిపెట్టు పిల్లా, ఇంత మంచి చోటు మల్ల దొరకది" అంది. నేను మెట్టు మీద నిలబడి సొరకాయ వదిలేశాను. సొరకాయ నేను పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ తినలేదు. కోపం మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నాను. దానితో నాకు ఇంకా పని ఉంది.

గయ చూసుకొని తిరుగు బండి ఎక్కాం. మళ్లీ అదే పటం, అదే తలుపు, అవే అటుకులు. ఈసారి అరటిపండు కూడా సగం తిని పెట్టేసింది. మధ్యాహ్నం పూట గోడకు ఆనుకొని కళ్లు మూసుకుంటే, ఆమె ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఇంకో రెండు మూడు రోజులు ఇట్లాగే పోతే వరంగల్‌లో నేను దించేది మనిషిని కాదని నాకు అర్థమైంది. కాశీకి తీసుకుపోయి చంపి తెచ్చిందని ఎవరూ అనరు. కాశీ పుణ్యం దక్కింది, ఎంత అదృష్టమో అంటారు. ఆ మాట నేను విని ఊరుకుంటానా!

జబల్పూర్‌లో బోగీ ఆగినప్పుడు నీళ్ల నల్లా దగ్గర వంటాయన బియ్యం కడుగుతున్నాడు. ఆయన పరకాల వైపు మనిషి, పెద్ద గొంతు. పెళ్లిళ్లలో వంట చెయ్యడంతో పాటు చదివింపులు చదవడం కూడా ఆయన పనే. ఎవరు ఏ కానుక ఇచ్చిందీ పందిరంతా వినపడేట్టు చదివేవాడు. యాత్రలో కూడా సేటు ఆ గొంతును వాడుకునేవాడు. తిరుగు ప్రయాణంలో ఇటార్సీ దగ్గర హారతి అయ్యాక వంటవాళ్లకు, మోసేవాళ్లకు ఇనాములు ఇవ్వాలి. ఊరికే ఇస్తే ఎవరిష్టం వాళ్లది కదా. అందుకని పళ్లెంలో తమలపాకులు పెట్టి, పెళ్లి చదివింపుల లాగా పేరుపేరునా చదివించేవాడు. తక్కువ ఇస్తే నలుగురిలో తల ఎత్తుకోలేరు. అప్పు చేసైనా వేస్తారు.

"ఎల్లుండి నీకు మంచిగనే ముడుతది గదా తాతా?" అన్నాను.

వంటాయన బియ్యం నీళ్లు వంచుతూ నవ్వాడు. "మాకా? ఆ పళ్లెం కడుగుడు ముడుతది బిడ్డా. అందులున్నది సేటు పెట్టెలకు పోతది. నేను చదువుడే."

నేను అక్కడే కూర్చున్నాను. "తాతా, పళ్లెంల ఎవలు ఏం పెట్టినా చదువుతవా?"

"చదువుత. పైసలు పెడ్తె పైసలు, చెంబు పెడ్తె చెంబు. ఒకపారి పెండ్లిల ఎవలో దున్నపిల్లను చదివిచ్చిండ్రు. అదీ చదివిన."

"జాగ పెడ్తె?"

ఆయన చేతిలో గిన్నె ఆగింది. నా ముఖం చూశాడు. తర్వాత బోగీ కొసకు చూశాడు. రోజూ పెద్దమ్మ ముట్టకుండా వదిలేసిన పళ్లెం వెనక్కి తీసుకుపోయేది ఆయనే. "నా నోరు ఎందుకున్నదే బిడ్డా!" అన్నాడు.

ఇక మిగిలింది పెద్దమ్మ ఒప్పుకోవడం. ఆమె దగ్గర కూర్చొని కాళ్లు పిసుకుతూ మెల్లగా అడిగాను. "పెద్దమ్మా, దేవుని పక్కనుంచి లేసిపోవద్దు, నిజమే. మరి ఆ జాగను దానమిస్తె?"

"దానమా? ఎవలకు?"

"సేటుకు. పాపం, నడుమ తెరసాటున కూసుంటాండు. సామి దర్శనమే లేదు."

ఆమె కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"దానమిచ్చినంక మల్ల అడుగరాదు, తెలుసు గదా" అంది.

"అడగం."

"మంచిది. నా చాప సుత ఇయ్యి. ఆ చెక్క మీద ఊకె కూసుంటె నొస్తది."

ఇటార్సీలో బోగీని పక్కన పెట్టారు. సాయంత్రం హారతి అయింది. అందరూ పటం దగ్గర గుమిగూడారు. సేటు జరీ కండువా వేసుకొని, నుదుట విభూది పెట్టుకొని, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. వంటాయన పళ్లెం పట్టుకొని మొదలుపెట్టాడు. "కేసముద్రం సావుకారి గారు పదకొండు రూపాయలు చదివించినా...రు!" తర్వాత వేరేవాళ్లు, తర్వాత ఇంకొకరు. ఒక పేద రైతు భార్య రూపాయి వేస్తే సేటు "రూపాయేనా అక్కా?" అన్నట్టు కనుబొమ్మ ఎత్తాడు. ఆమె తల వంచుకొని ఇంకో రూపాయి వేసింది. చూశాను. ఇంకొంచెం సేపు ఎగరవయ్యా అనుకున్నాను.

మా వంతు వచ్చింది. పెద్దమ్మను లేపి నా భుజానికి ఆనించుకున్నాను. ఆమె కూర్చునే ఈతచాపను మడిచి, మీద రెండు తమలపాకులు పెట్టి, పళ్లెంలో ఉంచాను. వంటాయన చెవిలో చెప్పాల్సింది చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. అంత గట్టిగా ఆయన ఏ పెళ్లిలోనూ చదివి ఉండడు.

"మట్టెవాడ కిరాణం వారి పెద్దమ్మ గారు, బోగీల అందరి కంటె ఎక్కువ రేటు పెట్టి కొనుక్కున్న, విశ్వనాథ సామి పక్క జాగను, సేటు గారికి, ఈడికెల్లి వరంగల్ దాకా, ఇనాముగ చదివించినా...రు!"

కేసముద్రం అక్క "హర హర మహాదేవ!" అని గొంతెత్తింది. దాంతో బోగీ అంతా "శంభో శంకర!" అంది.

సేటు ముఖం చూడాలి మీరు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయ్యో, గది పెద్దవ్వ జాగ. నాకెందుకు చెల్లె?"

"అట్లంటవేందన్నా? ఈ జాగ కంటె మంచిది లేదని నువ్వే అంటివి. రాసిపెట్టి ఉండాలంటివి. ఇయ్యాల్టి ఇనాములల్ల ఇంతకంటె పెద్దది ఎవలన్న ఇచ్చిండ్రా?"

"అది కాదు చెల్లె, నాకు లెక్కల పని..."

"సామి పక్కన కూసోని రాసుకో."

కేసముద్రం సావుకారి ముందుకొచ్చాడు. ప్రయాగలో మింగిన గుటక ఇన్ని రోజులకు కక్కాడు. "ఏంది సేటూ, సామి పక్కన జాగ వద్దంటవా? కాశీకి పోయొచ్చిన ముసలామె చేతి దానం కాళ్లతోని తంతవా?"

"వద్దన్లే సావుకారీ, వద్దన్లే! మల్ల జర ఆలోచన..."

వెనక నుంచి, రెండో రూపాయి వేసిన రైతు భార్య గొంతు వినపడింది. "కాశీ తొవ్వల గీ ముచ్చట్లేంది సేటూ?"

బోగీ విరగబడి నవ్వింది. ఇన్ని రోజులు వేడినీళ్లకు, దుప్పట్లకు, హారతులకు నోరు మూసుకొని ఇచ్చిన వాళ్లంతా కడుపు పట్టుకొని నవ్వారు. ఎవరో ఆయన పరుపు, దిండు తెచ్చేస్తున్నామని లేచారు. నేను అడ్డం నిలబడ్డాను. "పరుపు ఇనాముల లేదు. చాప ఉన్నది" అన్నాను. వంటాయన పళ్లెం అందించాడు. సేటు మడిచిన చాప తీసుకొని, పటానికి మొక్కి, ఆ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అదే సమయానికి ఎవరో ముసలాయన చెంబు పట్టుకొని, "జర మోకాలు తియ్యి సేటూ" అంటూ తలుపు తీశాడు.

నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గంగలో మునిగినప్పుడు కూడా నా ఒళ్లు అంత చల్లబడలేదు. మన్నించడం గొప్ప గుణమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లెవరూ ఆ తలుపు పక్కన కూర్చోలేదు.

పెద్దమ్మను నడిపించుకొచ్చి సేటు పరుపు మీద, కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. తెర తీసేశాం. బయటి గాలి తగిలితే ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది. వంటాయన స్వయంగా వచ్చాడు. కొత్త విస్తరి వేసి, వేడి అన్నం, టమాట పప్పు, చింతకాయ తొక్కు, నెయ్యి వడ్డించాడు. నేను పక్కన కూర్చొని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. మింగింది. నా కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"పప్పు మంచిగున్నది. ఇంకింత వెయ్యరాదు" అంది.

అడిగి వేయించుకోవడం ఆమె జన్మలో అదే మొదటిసారి. రెండోసారి అన్నం కూడా పెట్టించుకుంది. మజ్జిగ పోసుకొని, విస్తరి ఊడ్చినట్టు తిన్నది. చెయ్యి కడుక్కుంటూ బోగీ కొసకు చూసింది. అక్కడ సేటు ఒళ్లో పళ్లెం పెట్టుకొని కూర్చున్నాడు. ముద్ద కలిపి అట్లాగే పట్టుకున్నాడు. ఎవరో తలుపు తీస్తే తల పక్కకు తిప్పుకున్నాడు. ముద్ద మళ్లీ పళ్లెంలోకి పోయింది.

పెద్దమ్మ అదంతా కళ్లార్పకుండా చూసింది. ఆమెకు జాలి కలిగిందనీ, ఇక నన్ను కేకలేస్తుందనీ, చేసిన పుణ్యమంతా నా కోపంతో కడిగేశానని అంటుందనీ అనుకున్నాను. చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఆయిన రేపు సుత ఆడనే కూసుంటడా?" అని అడిగింది.

"వరంగల్ దాకా ఆడనే."

పెద్దమ్మ దిండు వెనక్కి సర్దుకొని, కాళ్లు బారజాపుకుంది.

"అయితె రైలును జర మెల్లగ పోనియ్యుమను" అంది.